సలాలా దారిలో హైమా దగ్గర ఒకసారి ఆగండి

ఖరీఫ్ వచ్చిందంటే మస్కట్‌లో మనందరి నోటా సలాలా మాటే కదా. పులిహోర కట్టుకుని, పిల్లల్ని కారెక్కించి వెయ్యి కిలోమీటర్లు పోతాం. మధ్యలో హైమాలో పెట్రోలు, టీ, అంతే. మేమూ ఏళ్ల తరబడి అలాగే వెళ్లొచ్చాం. మొన్న చలికాలంలో మాత్రం ముందుగా అనుమతి తీసుకుని, రోడ్డు వదిలి అల్ వుస్తా అభయారణ్యానికి వెళ్లాం.

అరణ్యం అంటే చెట్లు వెతక్కండి. రాళ్ల నేల, అక్కడక్కడా తుమ్మచెట్లు. ఇనుప కంచె వెనక తెల్లటి ఒరిక్స్‌లు నిలబడి ఉన్నాయి. అరబ్బులు వీటిని 'మహా' అంటారు. పక్క నుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకటిగా కనిపిస్తాయి. మా అబ్బాయి "అమ్మా, మన కృష్ణజింకకు తెల్ల రంగేశారా?" అన్నాడు.

వీటి కథ వింటే మనసు చివుక్కుమంటుంది. 1972లో అడవిలో మిగిలిన చివరి ఒరిక్స్‌లను వేటగాళ్లు చంపేశారు. జూలలో పెంచిన వాటిని తెచ్చి, 1982లో ఈ ఎడారిలోనే మళ్లీ వదిలారు. హరాసీస్ తెగవాళ్లు కాపలా కాశారు. 1994లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1996కల్లా దాదాపు 450 అయ్యాయి. అంతలో దొంగచాటుగా పట్టుకుని అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. 2007 నాటికి మిగిలినవి 65. ఐసీయూ నుంచి వార్డుకొచ్చిన పేషెంటు మళ్లీ సీరియస్ అయినట్టు! పైగా చమురు అన్వేషణ కోసమని అభయారణ్యాన్ని 90 శాతం తగ్గించారు. ఆ ఏడాదే యునెస్కో పేరు కొట్టేసింది. ఆ జాబితాలోంచి అలా తొలగించిన మొట్టమొదటి స్థలం ఇదే.

పేరు పోయాక పట్టించుకునేవాళ్లూ తగ్గారు. కానీ ప్రాణం పోలేదండీ. కంచెలో పెంచుతున్నవి మళ్లీ వందల్లోకి వచ్చాయి. కాపలావాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రోజు మేం తప్ప చూడ్డానికి వచ్చినవాళ్లెవరూ లేరు.

నర్సుగా నాకు తెలిసింది ఒకటే. పేషెంటు కాస్త కోలుకున్నాడని చూడటం మానేయకూడదు. మీరూ ఈ చలికాలంలో వెళ్లండి. అనుమతి, ఫోర్ వీల్ బండి, సరిపడా నీళ్లు మాత్రం మర్చిపోకండి. పిల్లలకు చూపించండి. చూసినవాళ్లే కదా రేపు కాపాడేది.