ప్రణయ కలహ హాస్య చిత్రాలు - ఒక పరిశీలన

"గంభీరమైన చిత్రం చూస్తే ఏదో నేర్చుకున్నావంటారు. నవ్వించే చిత్రం చూస్తే కాలం పాడుచేశావని ఇంట్లో మందలిస్తారు. ఈ భేదం న్యాయమేనా?" అని ఆ మధ్య ఒక విద్యార్థి నన్ను ప్రశ్నించాడు. ప్రశ్న చిన్నదే అయినా ఒక్క మాటతో తేలేది కాదు. హాస్యమంటే చులకన భావం మన విద్యాలయాలలో చాలాకాలంగా పాతుకొని ఉన్నది. కనుక హాస్య చిత్రాలలో మిక్కిలి తేలికగా కనిపించే ఒక శాఖను తీసుకొని, దాని ఆకర్షణకు కారణమేమిటో, ఆ తేలికదనం వెనుక బరువు కలదో లేదో విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ శాఖకు ఆంగ్లంలో 'స్క్రూబాల్ కామెడీ' అని పేరు. 1930 దశకం మధ్యభాగం నుండి 1940 దశకం తొలి సంవత్సరాల వరకు ఇది హాలీవుడ్‌లో వర్ధిల్లింది. బేస్‌బాల్ ఆటలో, ఎదుటివాడు ఊహించిన దిక్కుకు కాక మరో దిక్కుకు వంపు తిరిగే బంతిని స్క్రూబాల్ అంటారు. మన క్రికెట్‌లోని గూగ్లీ దీనికి దగ్గరి చుట్టం. వాడుకలో తిక్క మనిషిని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఈ రెండర్థాలూ ఈ చిత్రాలకు చక్కగా అమరుతవి. కథ మనం అనుకొన్న దారిన పోదు. పాత్రలు లోకం మెచ్చే విధంగా నడుచుకోవు.

ఈ శాఖకు దారి చూపిన చిత్రం 1934లో ఫ్రాంక్ కాప్రా దర్శకత్వంలో వెలువడిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'. శామ్యూల్ హాప్కిన్స్ ఆడమ్స్ రచించిన 'నైట్ బస్' అనే కథ దీనికి ఆధారం. తండ్రి మీద అలిగి మయామీ నుండి న్యూయార్క్‌కు పారిపోతున్న ధనవంతుని కుమార్తెగా క్లాడెట్ కోల్బెర్ట్, ఉద్యోగం పోగొట్టుకొన్న పత్రికా విలేఖరిగా క్లార్క్ గేబుల్ నటించారు. ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు. ఆమెకు లోకం తెలియదు. అతనికి లోకమంతా తనకే తెలుసునన్న గర్వం. డబ్బు చాలక ఒకే గదిలో రాత్రి గడపవలసి వచ్చినపుడు, అతడు నడుమ తాడు కట్టి దానిపై ఒక దుప్పటి వేలాడదీస్తాడు. ఆ దుప్పటికి బైబిల్‌లోని జెరికో నగరపు గోడలని పేరు పెడతాడు. చిత్రం చివర పెండ్లి అయిన తరువాత గాని ఆ 'గోడలు' కూలవు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, చిత్రానువాదం - ఈ ఐదు ప్రధాన ఆస్కార్ బహుమతులనూ ఒకేసారి గెలుచుకొన్న తొలి చిత్రమిది.

ఇట్టి చిత్రాలు ఆ కాలంలోనే పుట్టటానికి కారణాలున్నవి. 1927 తరువాత చిత్రాలకు మాట వచ్చింది. నాటకకర్తలు, పత్రికా రచయితలు హాలీవుడ్ చేరి పదునైన సంభాషణలు తెచ్చారు. 1929లో ప్రారంభమైన ఆర్థిక మాంద్యం 1933 నాటికి అమెరికాలో శ్రామికులలో సుమారు నాలుగవ వంతును నిరుద్యోగులుగా చేసింది. అట్టి ప్రేక్షకునికి, కోటీశ్వరుని కూతురు బస్సు ప్రయాణంలో ఆకలికి ఓర్చటం, పేద విలేఖరి ఆమెకు కాఫీలో డోనట్ ముంచుకు తినటం నేర్పటం ఎంత తృప్తినిచ్చి ఉంటవో ఊహించవచ్చు. 1934 మధ్య నుండి చిత్రాలపై నైతిక నియమావళి కఠినంగా అమలు కాసాగింది. స్పర్శకు హద్దులు ఏర్పడగా, ప్రేమను పలికించే బాధ్యత మాట మీద పడింది. కౌగిలి చేయవలసిన పనిని కయ్యం చేసింది.

ఈ కయ్యం మనకు కొత్తది కాదు. హాస్యం శృంగారం నుండి జనిస్తుందని భరతముని నాట్యశాస్త్రంలో ఏనాడో చెప్పాడు. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో సత్యభామ అలుక తెలియని తెలుగువాడు అరుదు. ఉర్దూవారు ప్రేమికుల మాటల పోరును 'నోక్‌ఝోంక్' అంటారు. మనం ప్రణయకలహమంటాం. పేరేదైనా దాని సారం ఒక్కటే. ఆ ఇద్దరికీ ఒకరి మాట మరొకరు వినాలని ఉన్నది. వింటున్నామని ఒప్పుకోవటం మాత్రం ఇష్టం లేదు.

ఈ చిత్రాల ఆకర్షణకు మొదటి కారణం ఇక్కడే ఉన్నది. మాటకు మాట చెప్పాలంటే ఎదుటివారు సమానులు కావాలి. 1940 నాటి 'హిజ్ గర్ల్ ఫ్రైడే' ఇందుకు నిదర్శనం. దీనికి మూలమైన 'ది ఫ్రంట్ పేజ్' నాటకంలో ప్రధాన విలేఖరి పురుషుడు. దర్శకుడు హోవర్డ్ హాక్స్ ఆ పాత్రను స్త్రీగా మార్చాడు. రోజలిండ్ రస్సెల్, కేరీ గ్రాంట్ ఒకరి మాట ముగియక ముందే మరొకరు అందుకొని మాట్లాడుతుంటే, ఎవరిది పైచేయో చెప్పటం కష్టం. ఆమె అతని మాజీ భార్య మాత్రమే కాదు, ఆ పత్రికలో అందరికన్న సమర్థురాలైన విలేఖరి. ఆమె తెలివిని అతడు గుర్తించటమే అక్కడి ప్రేమ. స్త్రీ కన్నీరు కార్చితేనే నాయిక అనుకొనే రోజులలో ఇది స్వల్ప విషయం కాదు.

రెండవ కారణం గర్వభంగం. 1938లో హాక్స్ తీసిన 'బ్రింగింగ్ అప్ బేబీ'లో కేరీ గ్రాంట్ ఒక పండితుడు. నాలుగేండ్లుగా ఒక మహాసరీసృపపు అస్థిపంజరాన్ని కూర్చుతూ, చివరి ఎముక కొరకు ఎదురుచూస్తుంటాడు. కాథరీన్ హెప్బర్న్ ధరించిన అల్లరి పాత్ర, ఒక పెంపుడు చిరుతపులి, ఎముకను ఎక్కడో పాతిపెట్టిన కుక్క కలిసి అతని జీవితాన్ని తలక్రిందులు చేస్తవి. చివరకు ఆ అస్థిపంజరమంతా కుప్పకూలుతుంది. అయినా తన జీవితంలో ఇంత సంతోషకరమైన రోజు లేదని అతడు గ్రహిస్తాడు. ఎముకలు పేర్చటమే చదువనుకొనే మనవంటి వారందరికీ ఇందులో ఒక చురక ఉన్నది. విడుదలైనపుడు ఈ చిత్రానికి ఆశించిన ఆదరణ లభించలేదు. తరువాతి తరాలవారు దీనిని ఉత్తమ హాస్య చిత్రాలలో చేర్చారు.

ఈ బాణీ మన దేశానికీ వచ్చింది. కాప్రా చిత్రకథ 1956లో రాజ్‌కపూర్, నర్గీస్‌ల 'చోరీ చోరీ'గాను, 1991లో ఆమీర్‌ఖాన్, పూజా భట్‌ల 'దిల్ హై కె మాన్తా నహీఁ'గాను హిందీలో అవతరించింది. ఇక తెలుగులో ఈ కోవకు సన్నిహితమైనది 1955లో విజయా వారు నిర్మించగా ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన 'మిస్సమ్మ'. ఇది హాలీవుడ్‌కు అనుకరణ కాదు. బెంగాలీ నాటకం 'మన్మయీ గర్ల్స్ స్కూల్' దీనికి మూలం. ఉద్యోగానికి భార్యాభర్తలే కావాలన్న ప్రకటన చూసి, ఇద్దరు నిరుద్యోగ పట్టభద్రులు దంపతులుగా నటించటానికి ఒప్పుకుంటారు. అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు. లోకం ముందు దంపతులు. తలుపు మూసిన తరువాత ఇద్దరు అపరిచితులు. సావిత్రి కోపం, రామారావు ఓర్పు మనకు నవ్వు తెప్పిస్తవి. కాని ఆ నవ్వుకు పునాది ఆకలి, అప్పు, ఉద్యోగం లేకపోవటం. పట్టా చేత పట్టుకొని తిరిగిన ప్రతి యువకునికీ ఆ బాధ తెలుసు.

ఇక్కడొక లోపాన్ని కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 'మిస్సమ్మ' చివర మేరీ, చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కుమార్తె మహాలక్ష్మి అని తేలుతుంది. రెండు మతాలవారు ఎట్లు కలిసి బ్రతకాలనే ప్రశ్న జవాబు లేకుండానే మాయమవుతుంది. 1936 నాటి 'మై మాన్ గాడ్‌ఫ్రే'లోనూ ఇంతే. చెత్తకుప్పల నడుమ బ్రతుకుతూ, ఒక ధనికుల ఇంట సేవకుడుగా చేరిన నిరుపేద చివరకు గొప్పింటి బిడ్డ అని తెలుస్తుంది. ఇరవై సంవత్సరాల ఎడం, వేల మైళ్ళ దూరం ఉన్న రెండు చిత్రాలు ఒకే ఉపాయాన్ని ఆశ్రయించినవి. కష్టమైన ప్రశ్న వేసి, సమాధానం పుట్టుకలో దాచినవి. పైగా ఆనాటి అమెరికన్ చిత్రాలలో నల్లజాతి నటులకు సేవకుల వేషాలు తప్ప ఇతర పాత్రలు లభించటం అరుదు. నవ్వులో అందరికీ సమాన స్థానం దొరకలేదు.

అయినంత మాత్రాన ఈ చిత్రాలను త్రోసిపుచ్చవలెనా? అక్కరలేదని నా అభిప్రాయం. చివరి పది నిమిషాలలో దర్శకుడు ముడి విప్పే తీరు కాలానికి లొంగినది. అంతకు ముందు గంటన్నర సేపు మనం చూసినది మాత్రం చెరిగిపోదు. మేరీ ఎవరి కుమార్తె అయినదీ తెలియక ముందే రావు ఆమె స్వభావాన్ని గౌరవించాడు; ఆమె ప్రార్థనను తన ప్రార్థనతో సమానంగా చూశాడు. క్లార్క్ గేబుల్ పాత్ర కూడా పదివేల డాలర్ల బహుమానాన్ని కాదని, తాను ఖర్చు పెట్టిన 39 డాలర్ల 60 సెంట్లు మాత్రమే ఇమ్మని ఆమె తండ్రిని అడుగుతాడు. ఆ చిల్లర లెక్కలో అతని ఆత్మగౌరవమంతా ఉన్నది. ప్రేక్షకుడు పకపక నవ్వుతూనే దానిని గ్రహిస్తాడు; ఎవరూ ఉపన్యసించ నవసరం లేదు.

అమెరికన్ తత్త్వవేత్త స్టాన్లీ కావెల్ 1981లో వెలువరించిన గ్రంథంలో ఇట్టి ఏడు చిత్రాలను పరిశీలించి, వివాహమంటే స్త్రీపురుషుల మధ్య ముగియని సంభాషణ అన్న భావాన్ని వాటిలో దర్శించాడు. ఆ మాటను వివాహానికే పరిమితం చేయ నక్కరలేదు. రెండు భాషల, అనేక విశ్వాసాల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చునే మనవంటి కళాశాలకూ అది వర్తిస్తుంది. నడుమ దుప్పటి ఉండవచ్చు. దానికి ఇటువైపు నుండి ఒకరు, అటువైపు నుండి ఒకరు మాట్లాడుకొంటూ ఉన్నంత కాలం అది గోడ కాదు.

నన్ను ప్రశ్నించిన విద్యార్థికి నేను చెప్పగలిగిన సమాధానం ఇదే. మంచి హాస్య చిత్రం కాలాన్ని పాడుచేయదు. తనను చూసి తాను నవ్వుకోవటం, ఎదుటివారి మాట చివరివరకు వినటం అది నేర్పుతుంది. ఈ రెండూ పరీక్షలలో అడగరు. జీవితం మాత్రం ప్రతిదినం అడుగుతూనే ఉంటుంది.