నొప్పి తెలియని జబ్బు - కొల్లేటి పల్లెల్లో బీపీ, షుగరు, మూత్రపిండాలు

గుండెపోటు, పక్షవాతం, షుగరు పట్నవాసుల జబ్బులనీ, నాగలి పట్టేవాడికీ వల విసిరేవాడికీ అవి రావనీ ఒకప్పుడు గట్టి నమ్మకం. ఆ నమ్మకం సరికాదని దేశానికి తెలియజెప్పింది మన గోదావరి పల్లెలే.

2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఒక పెద్ద పరిశీలన జరిగింది. ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడి బైర్రాజు ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి చేసిన పని అది. ఆ గ్రామాల జనాభా సుమారు లక్షా ఎనభై వేలు. ఏడాదిలో 1,354 మంది మరణించారు. పల్లెల్లో చావులు ఎక్కువగా ఇంట్లోనే జరుగుతాయి, ఏ జబ్బుతో పోయారో రాసిచ్చే డాక్టరు ఉండడు. అందుకని శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, చివరి రోజుల్లో రోగి ఎలా ఉన్నాడో కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నారు. డాక్టర్లు వాటిని చదివి కారణం నిర్ణయించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. ఆ ప్రాంతంలోనే 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే, నూటికి 13 మందికి షుగరు కనిపించింది.

కారణాల కోసం ఎక్కడికో పోనక్కరలేదు. కోతలు యంత్రాల పాలయ్యాయి. పొలానికి నడక పోయి మోటారు సైకిలు వచ్చింది. చెరువు మీద కాపలా అంటే రాత్రంతా గుడిసెలో కూర్చోవడమే. తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవారిది తరతరాలుగా కూర్చుని చేసే పనే. అన్నం మాత్రం పాత కొలతే, పూర్వం పది గంటలు ఒళ్లొంచిన మనిషి తిన్నంత. పక్కన ఊరగాయ, ఉప్పు చేప. రోజు మొత్తానికి ఒక చెంచా ఉప్పు, అంటే 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనకు ఒక్క పూట ఊరగాయే అందులో చాలా భాగం తినేస్తుంది. పొగాకు సంగతి సరే సరి.

బీపీ, షుగరు అనగానే అందరికీ గుండె గుర్తుకొస్తుంది. మూత్రపిండాలు గుర్తుకు రావు. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదిలి, తక్కినదంతా ఒంటికి తిరిగి అప్పగిస్తాయి. షుగరు ఆ జల్లెడలను లోపలి నుంచి చెడగొడుతుంది, బీపీ వాటి మీద ఒత్తిడి పెంచుతుంది. చిక్కేమిటంటే, సగం జల్లెడలు పాడైనా నొప్పి ఉండదు, మూత్రం తగ్గదు. రక్తంలో క్రియాటినిన్ సైతం చాలా నష్టం జరిగాకే పెరుగుతుంది. కాళ్లు వాచి, అన్నం సయించక, ఆయాసంతో ఆసుపత్రికి చేరేసరికి డయాలసిస్ మాట వినవలసి వస్తుంది. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ప్రభుత్వ పథకం కింద ఆ ఖర్చు లేకుండా జరిగినా, కూలివాడికి ఆ రోజుల కూలి పోతుంది, తోడు వచ్చిన భార్య కూలీ పోతుంది.

ఇంతకంటే ముందే పట్టించే పరీక్ష ఒకటుంది. మూత్రంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పోతున్నదేమో చూడటం. బీపీగాని షుగరుగాని ఉన్నవారు ఏడాదికొకసారి ఇదీ, క్రియాటినిన్ పరీక్షా చేయించుకోవాలి. జల్లెడలు పాడవుతున్న దశలో పట్టుకుంటే ఆ వేగాన్ని తగ్గించే మందులున్నాయి.

కొల్లేటి ఊళ్లలో ఈ మాట ఎత్తితే చాలామంది నీళ్ల వైపు చూపిస్తారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కథ అందరూ విన్నదే. అక్కడ బీపీ, షుగరు లేనివారికి కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి, కారణం ఇదీ అని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. కొల్లేటి నీరు బాగుండాలని అడగడం న్యాయమే. కాని నీళ్ల మీద నెపం వేసి, ఇంట్లో ఉన్న బీపీని వదిలేయడం మాత్రం న్యాయం కాదు. ఒళ్లునొప్పులకని దుకాణంలోనో ఆర్.ఎం.పి. దగ్గరో నెలల తరబడి డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు, సూదులు తీసుకునే అలవాటు కూడా మూత్రపిండాలకు చేటే. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పశ్చిమ గోదావరిలోనే మరో ప్రయత్నం జరిగింది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలు చేతిలో చిన్న కంప్యూటరుతో ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, ప్రమాదం ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపారు. 2019లో ఫలితాలు వెలువడ్డాయి. ఆశాలు ఇళ్లకు చేరారు, పని శ్రద్ధగా చేశారు. కాని ఈ ఏర్పాటు ఉన్నచోటికీ లేనిచోటికీ బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బీపీ ఉందని చెప్పడం ఒక పని, ఆ మనిషి ఏడాది పొడుగునా రోజూ బిళ్ల వేసుకునేలా చూడటం మరో పని. రెండోది యంత్రంతో అయ్యేది కాదనిపిస్తుంది. ఇంటివాళ్లు పూనుకోవలసిందే.

ఇక రంజాన్ సంగతి. మందులు మానేయడానికి మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే కారణం ఇదే. ఉపవాసం ఉన్నాం కదా అని పగటి బిళ్లను ఎవరికి వారే ఎగ్గొట్టేస్తారు. ఇన్సులిన్ తీసుకునేవారూ, షుగరును బాగా దించే బిళ్లలు వాడేవారూ నెల రెండు నెలల ముందే డాక్టరును కలిసి, సహెరీకి ఏది, ఇఫ్తార్‌కు ఏది, ఎంత మోతాదు అని రాయించుకోవాలి. పగలు షుగరు 70 కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలని వైద్యుల సలహా. వేలు గుచ్చి చుక్క రక్తం చూసుకుంటే రోజా భంగం కాదని చాలామంది ఉలమాల అభిప్రాయం. కనుక పరీక్షకు వెనుకాడనక్కరలేదు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి పగలంతా నీళ్లు లేకపోవడం ప్రమాదం. రంజాన్ ఎండాకాలంలో వస్తే మరీను. 2018లో మే నెల నడుమ మొదలై రోహిణి కార్తె ఎండల్లో సాగింది. డయాలసిస్ దశకు చేరినవారు ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, కొబ్బరినీళ్లు కూడా డాక్టరును అడిగి తీసుకోవాలి. వాటిలో పొటాషియం ఎక్కువ, అది ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

రోగికి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. బఖరా సూరా 184, 185 ఆయతుల ప్రకారం జబ్బుపడినవారు ఆ రోజులను తర్వాత పూర్తి చేసుకోవచ్చు. ఎప్పటికీ కోలుకోలేనివారు ఫిద్యాగా పేదకు అన్నం పెట్టాలని ఉలమాలు చెబుతారు. ఎవరికి ఏది వర్తిస్తుందో మసీదు ఇమామును అడగవచ్చు, కాని డాక్టరు రాసిచ్చిన కాగితం వెంట తీసుకుని వెళ్లాలి.