మునిమాపువేళ చేని కాపలాకు దుర్భిణి

మక్కకంకి పాలుపోసుకొను దినములలో కరీంనగరు, ఆదిలాబాదు అడవిప్రక్క రైతులకు నిద్ర యుండదు. గట్టున నల్లగా కదలునది పందియో, ఎలుగో, ఇల్లు చేరు పొరుగువాడో తెలియక మంచె దిగుట ప్రాణాపాయము. వేటకై దుర్భిణి గొను కాలము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో గడచినది. కాపలాకు మాత్రము అది నేటికిని అక్కరకు వచ్చును. కంచెకు కరెంటుతీగ తగిలించువారు దీనిని ముందుగా చదువవలెను. ఆ తీగకు పందులతోబాటు మనుష్యులును బలియైరి.

దుర్భిణిపై రెండంకెలుండును. 8×40 అనగా వస్తువు ఎనిమిదింతలు దగ్గరగా గనబడును. ముందటి అద్దము అడ్డుకొలత 40 మిల్లీమీటర్లు. 40ని 8చే భాగింపగా వచ్చు 5 మిల్లీమీటర్లే కంటికి జేరు వెలుగు లావు. చీకటిలో పడుచువాని కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకు విచ్చును. ఏబది దాటినవానికి సాధారణముగా 5 చుట్టుప్రక్కలనే. కావున పెద్దవారు 7×50 బరువు మోయనేల? 10×25 తేలికయే, చౌకయే, కాని దాని ఫలము 2.5, పగటి జాతరకు చాలును. 20×50 గొప్పగా దోచును, లెక్కకు అదియు నంతే!

పూతలేని అద్దపు ప్రతి ముఖమును వెలుగులో నూటికి నాలుగు పాళ్లు వెనుకకు గొట్టును. లోపల పది ముఖములున్నచో మూడవవంతు నష్టము. అన్ని ముఖములకును పలుపొరల పూత గలదా యని అడుగవలెను. ఎర్రగా మెరయు అద్దమును జూచి మోసపోరాదు. తక్కువ వెలలో తిన్నని గొట్టములకంటె వంకరగొట్టముల పాతరకమే మేలు.

అంగడిలో చేయి చాచి వెలుతురువైపు పట్టి చూడుడు. కంటియద్దమున వెలుగుచుక్క గుండ్రముగా నుండవలెను. అంచులు కోసినట్లున్నచో లోపలి పట్టకము నాసి. వీలైన దీపాలవేళకే అంగడికి బోవలెను. అమావాస్య చీకటిలో మాత్రము ఏ దుర్భిణియు పనిచేయదు. అప్పటికి టార్చిలైటే దిక్కు.