25 మెట్లలో రాగం ఎంత పడుతుంది?

సంచిలో పెట్టుకుని తిరగగలిగే కీబోర్డ్ కంట్రోలర్ కొనేవారు ముందుగా చూసేది మెట్ల లెక్క: 25, 37, 49, 61, 88. పియానోకు 88 ఉన్నాయి కాబట్టి 25 మెట్లది పిల్లల బొమ్మ అనుకునేవారు చాలామంది. రెండు చేతులతో పాశ్చాత్య సంగీతం వాయించేవారి విషయంలో ఆ మాట కొంత నిజం. రాగం వాయించేవారి లెక్క వేరు.

కచేరీలో గాత్రం సాధారణంగా మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా సంచరిస్తుంది. అంటే రెండు స్థాయిలు. స్థాయికి 12 స్వరస్థానాలు, రెండింటికి 24, పై పంచమంతో కలిపి సరిగ్గా 25! ఈ చిన్న కీబోర్డులు సాధారణంగా సి తో మొదలై సి తో ముగుస్తాయి. ఎడమ చివరి సి ని మంద్ర పంచమం అనుకుంటే షడ్జమం ఆరో మెట్టు మీద, అంటే ఎఫ్ మీద పడుతుంది. అది నాలుగు శ్రుతి. ఒకటి శ్రుతి కావాలంటే ట్రాన్స్‌పోజ్‌ను 5 తగ్గించాలి, ఐదు శ్రుతికి 2 పెంచాలి. వేళ్ల అలవాటు మారదు.

కంట్రోలర్‌లో సొంత శబ్దం ఉండదు. మెట్టు నొక్కితే అది కంప్యూటర్‌కో ఫోన్‌కో అంకెలు పంపుతుంది, అక్కడి సాఫ్ట్‌వేర్ పలుకుతుంది. ఆ అంకెల భాషే మిడి. 1983 జనవరిలో నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్, రోలాండ్ అనే రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒకే తీగతో కలిపి చూపించినప్పుడు అది లోకానికి తెలిసింది. ఒక్కో స్వరానికి మూడు బైట్లు: ఏ ఛానల్, ఏ స్వరం, ఎంత బలం. స్వరాలకు 0 నుంచి 127 దాకా అంకెలు, మధ్య సి కి 60. చేతి కింద 25 మెట్లే ఉన్నా, ఆక్టేవ్ బటన్లతో ఆ పరిధిలో పైకీ కిందికీ జరగవచ్చు.

అసలు పరీక్ష గమకం దగ్గర. తోడిలో గాంధారం ఒక మెట్టు మీద కదలకుండా నిలిస్తే అది తోడి కాదు. ఆ సాధారణ గాంధారానికి శుద్ధ రిషభం రెండు స్థానాలు కింద, శుద్ధ మధ్యమం రెండు స్థానాలు పైన. మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్ పరిధి కూడా చాలా సింథసైజర్లలో మొదట అటు రెండు, ఇటు రెండు స్థానాలే ఉంటుంది. తోడి గాంధారం ఊగే మేర మొత్తం అందులో పడుతుందన్నమాట. షడ్జమం నుంచి పంచమానికి జారు వేయాలంటే మాత్రం 7 కావాలి, అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో పరిధిని 7కో 12కో పెంచాలి.

పెంచితే నునుపు తగ్గుతుందా? మిడిలో పిచ్ బెండ్‌కు 16,384 అంచెలు, నడిమధ్య 8,192. ఒక స్వరస్థానం 100 సెంట్లు. పరిధి 2 అయితే సెంటుకు దాదాపు 41 అంచెలు, 12 అయితే దాదాపు 7. చెవికి ఏ ఇబ్బందీ లేదు. కానీ కంట్రోలర్ లోపలి సెన్సర్ 128 అంచెలే ఇస్తే కథ మారుతుంది. పరిధి 2 ఉన్నప్పుడు అంచెకు 3 సెంట్లు, పర్వాలేదు. 12 ఉన్నప్పుడు అంచెకు దాదాపు 19 సెంట్లు, జారు కాస్తా మెట్లమెట్లుగా వినిపిస్తుంది. కొనేముందు మిడి మానిటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, పిచ్ బెండ్‌ను నెమ్మదిగా కదిపి అంకెలు ఎలా మారుతున్నాయో చూడండి. మెట్ల లెక్క కన్నా ఇది ముఖ్యం.

చిన్న కంట్రోలర్లలో తయారీదారులు మొదట కుదించేది ఈ పిచ్ బెండ్ భాగాన్నే. కోర్గ్ నానోకీ2లో పిచ్ బెండ్ బటన్లుగా మారింది, ఆకై ఎంపీకే మినీలో చిన్న జాయ్‌స్టిక్ అయింది, ఆర్టురియా మినీల్యాబ్‌లో వేలితో రాసే పట్టీ అయింది. మూడింటిలోనూ 25 మెట్లే. కంపితానికి నేను జాయ్‌స్టిక్‌నే ఎంచుకుంటాను, వదలగానే తిరిగి మధ్యకు వస్తుంది. బటన్లతో గమకం కుదరదు.

ఇంకో చిక్కు: పిచ్ బెండ్ ఒక స్వరానికి కాదు, ఛానల్ మొత్తానికి వర్తిస్తుంది. శ్రుతి, రాగం ఒకే ఛానల్‌లో ఉంటే గాంధారంతో పాటు శ్రుతి కూడా ఊగుతుంది. ఉన్నవి 16 ఛానళ్లు. శ్రుతిని రెండోదానికి మారిస్తే సరిపోతుంది. 2018లో వచ్చిన ఎంపీఈ పద్ధతి ప్రతి స్వరానికీ విడి ఛానల్ ఇచ్చి ఈ చిక్కును విప్పింది, కానీ దాన్ని పూర్తిగా వాడుకునే కీబోర్డుల ధర చాలా ఎక్కువ.

బలం సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. చాలా కీబోర్డుల్లో ప్రతి మెట్టు కింద రెండు స్విచ్‌లుంటాయి, మొదటిది కలిశాక రెండోది ఎంత త్వరగా కలిసిందో కొలిచి బలాన్ని లెక్కిస్తారు. చిన్న మెట్లు దిగే లోతు తక్కువ కాబట్టి మెత్తగా వాయించడం కష్టం.

మెట్టు నొక్కాక శబ్దం వినబడేదాకా పట్టే ఆలస్యం మాత్రం నిర్లక్ష్యం చేయరానిది. ఆడియో బఫర్ 256 శాంపిళ్లు, వేగం సెకనుకు 48,000 అయితే బఫర్ వల్ల 5.3 మిల్లీసెకన్లు, 1,024కి పెంచితే 21 దాటుతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చాలావాటిలో 100 దాటుతుంది. నిమిషానికి 80 అక్షరాల కాలప్రమాణంలో అక్షరానికి నాలుగు స్వరాలు వాయిస్తే ఒక్కో స్వరానికి దక్కేది 187 మిల్లీసెకన్లే. అందులో సగానికి పైగా గాలిలోనే పోతుంది కాబట్టి సాధనకు తీగ ఉన్న హెడ్‌ఫోన్లే వాడండి.