ఈతకు బడి – బసవనగుడి

ఒకనాడు రాయలసీమ పల్లెలలో ఈత బావిగట్టున నేర్చుకొనే విద్య. పెద్దపంజాణి, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో వానలు కురిసి చెరువులు, మోటబావులు నిండిన ఏడు పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొని నీటిలోకి దిగేవారు. తండ్రియో, అన్నయో గట్టున నిలిచి ధైర్యం చెప్పేవాడు. మునగకుండా ఆవలి గట్టు చేరితే ఆ చదువు పూర్తయినట్లే. ఆ ఈత ప్రాణరక్షణకు చాలును గాని పందెమునకు చాలదు. పోటీ ఈత వేరొక శాస్త్రం. కొలత ప్రకారం కట్టిన కొలను, క్షణంలో నూరవ వంతును సైతం లెక్కించే గడియారం, తప్పులు దిద్దే శిక్షకుడు, పక్క వరుసలో పోటీపడే తోటివాడు – ఈ నాలుగూ దానికి అవసరం. వీటిని ఒకచోట చేర్చే సంస్థయే ఈత క్లబ్బు.

చిత్తూరు జిల్లా పడమటి ప్రాంతాల వారికి దగ్గరి మహానగరం బెంగళూరు. ఉద్యోగ వ్యాపారాల నిమిత్తం అచట స్థిరపడిన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ నగరపు దక్షిణ భాగంలో బసవనగుడి అక్వాటిక్ సెంటర్ ఉన్నది. భారతదేశానికి ఒలింపిక్ ఈతగాండ్రను అందించిన క్లబ్బులలో అది ప్రముఖమైనది. అచట దీర్ఘకాలం శిక్షకుడుగా పనిచేసిన ఎస్. ప్రదీప్ కుమార్‌కు భారత ప్రభుత్వం 2016లో ద్రోణాచార్య పురస్కారం ప్రదానం చేసింది.

క్లబ్బు పని పసితనంలోనే మొదలవుతుంది. మొదట నీటి భయం పోవాలి. పిమ్మట శ్వాసను అదుపులో ఉంచుకోవడం నేర్వాలి. ఆ తరువాత ఫ్రీస్టయిల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై అనే నాలుగు విధాల ఈతలు అలవడాలి. ఒలింపిక్ కొలను పొడవు 50 మీటర్లు. 1500 మీటర్ల పందెంలో ఈతగాడు ఆ దూరాన్ని 30 సార్లు ఈదాలి. ఇంతటి ఓర్పు ఒక్కనాటి ఉత్సాహంతో రాదు. తెల్లవారకముందే నిద్రలేచి కొలనుకు, అచటి నుండి బడికి, సాయంకాలం తిరిగి కొలనుకు పోయే క్రమం ఏళ్ల తరబడి సాగాలి.

ప్రదీప్ కుమార్ వద్ద తర్ఫీదు పొందిన వారిలో నిషా మిల్లెట్ జీవితం స్ఫూర్తిదాయకం. ఐదేళ్ల ప్రాయంలో ఆమె నీట మునిగి ప్రాణాపాయం నుండి బయటపడింది. అటువంటి బిడ్డను మరల నీటిలోకి దింపడానికి ఏ తల్లిదండ్రులైనా వెనుకాడుతారు. ఆమె తండ్రి మాత్రం భయానికి మందు ఈత నేర్చుకోవడమే అని భావించి చెన్నైలో ఆమెకు ఈత నేర్పించాడు. అనంతరం ఆ కుటుంబం బెంగళూరు చేరింది. 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను ఒక నిమిషంలోపు ముగించిన తొలి భారతీయ మహిళగా ఆమె కీర్తి గడించింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో పాల్గొన్నది.

శిఖా టాండన్ కథ మరొక తీరు. ఉబ్బసంతో బాధపడే తమ్మునికి ఈత మేలు చేస్తుందని ఇంటివారు అతనిని కొలనుకు పంపారు. అతనితో పాటు వెళ్లిన అక్క మేటి ఈతగత్తె అయినది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆమె 50, 100 మీటర్ల ఫ్రీస్టయిల్ పోటీలు రెండింటిలోనూ పాల్గొన్నది. మరుసటి ఏడు అర్జున పురస్కారం అందుకొన్నది. ఆటతో పాటు చదువును సాగించి జీవసాంకేతిక శాస్త్రం అభ్యసించింది. తరువాత అమెరికాలో క్రీడాకారుల నిషిద్ధ ఉత్ప్రేరకాల వినియోగాన్ని అరికట్టే సంస్థలో పనిచేసింది. క్రీడ చదువుకు శత్రువు కాదనడానికి ఆమెయే నిదర్శనం.

2012 లండన్ ఒలింపిక్స్ ఈత పోటీలలో భారతదేశం తరఫున నిలిచినవాడు ఒక్కడే. అతడు 1500 మీటర్ల పందెంలో ఈదిన బెంగళూరు యువకుడు గగన్ ఉల్లాల్‌మఠ్.

కేరళలో పుట్టి తమిళనాడులోని నైవేలిలో పెరిగిన సాజన్ ప్రకాశ్ కూడా ప్రదీప్ కుమార్ శిష్యుడే. 2016 రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్న పిదప అతనిని మెడ గాయం కుంగదీసింది. ఎడమచేయి పట్టు తప్పింది. దానికి తోడు 2020లో కరోనా వలన కొలనులు మూతపడ్డాయి. ఈతగానికి నీరు దూరమైతే ఏళ్ల సాధన కరగిపోతుంది. అతడు నిరాశ చెందక దుబాయిలో ఉన్న గురువును చేరి మరల మొదటి నుండి సాధన ప్రారంభించాడు. టోక్యో ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందాలంటే 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.48 సెకన్లలో ముగించాలి. 2021 జూన్‌లో రోమ్ నగరంలో అతడు 1 నిమిషం 56.38 సెకన్లలో గమ్యం చేరాడు. మిగిలినది సెకనులో పదవ వంతు! ఒలింపిక్స్ ‘ఎ’ ప్రమాణాన్ని అందుకొన్న తొలి భారతీయ ఈతగాడు అతడే. ఆ వెంటనే బెంగళూరుకు చెందిన శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో రెండవవాడైనాడు.

ఒక క్లబ్బు వెలిగించిన దీపం నగరమంతటా వెలుగు నింపుతుంది. బెంగళూరులోనే శిక్షకుడు నిహార్ అమీన్ నడిపే డాల్ఫిన్ అక్వాటిక్స్ కూడా పేరు పొందింది. అచట సాధన చేసిన ధీనిధి దేశింగు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 14 ఏళ్ల వయసులోనే పాల్గొన్నది. చిన్ననాడు ఆమె కూడా నీటికి భయపడినదే.

ఈ క్రీడాకారులలో ఎవరికీ ఒలింపిక్ పతకం రాలేదు. అయినను వారి శ్రమ వ్యర్థం కాలేదు. ముందు తరం నెలకొల్పిన కాలపరిమితి వెనుక తరానికి గమ్యమైనది. పల్లె బావిలో బెండు కట్టుకొని దిగే పిల్లలలోనూ అటువంటి నేర్పరులు ఉండవచ్చు. వారికి కొరవడినది ధైర్యం కాదు, కొలను, శిక్షకుడు. వాటిని అందుబాటులోకి తెచ్చిననాడు బావిగట్టు విద్య పందెపు బరిని చేరగలదు.

ప్రశ్నలు

1. బావిలో నేర్చిన ఈతకు, పోటీ ఈతకు గల భేదాన్ని తెలపండి.
2. క్రీడ చదువుకు శత్రువు కాదని శిఖా టాండన్ జీవితం ఎట్లు నిరూపిస్తున్నది?
3. సాజన్ ప్రకాశ్ ఎదుర్కొన్న అవరోధాలను, వాటిని జయించిన తీరును వివరించండి.