విమానం ఇంజను దొరికితే కారు అయిపోదు

పాత కారును విప్పి, కోసి, అతికించి, దాని స్థాయికి మించిన ఇంజను బిగిస్తే అది హాట్ రాడ్. ఆ ఇంజను పాతకాలపు విమానానిదైతే ఇక మోజుకు హద్దుండదు. ఈ కథలో మన ఊరు హైదరాబాద్ పేరు కూడా ఉంది. అబిడ్స్ పక్కనే కింగ్ కోఠీలో ఉండిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, 1918లో బ్రిటిష్ వైమానిక దళానికి డీహెచ్ 9ఏ విమానాలను కానుకగా ఇచ్చారు. వాటిని అందుకున్న 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. ఆ విమానాల్లోది అమెరికా లిబర్టీ ఇంజను: 12 సిలిండర్లు, 27 లీటర్లు, సుమారు 400 హార్స్‌పవర్. యుద్ధం ముగిశాక అదే రకం ఇంజనును కౌంట్ లూయీ జబొరోవ్‌స్కీ ఇంగ్లండ్‌లో ఒక కారుకు ఎక్కించాడు. ఆయన పోయాక దాన్ని కొన్న ఇంజనీరు ప్యారీ థామస్, ‘బాబ్స్’ అని పేరుపెట్టి 1926 ఏప్రిల్‌లో వేల్స్‌లోని పెండైన్ ఇసుక తీరంలో గంటకు 275 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు కొట్టాడు.

ఈ ఘనతంతా ఇంజనుదేనంటే నేను ఒప్పుకోను. విమానంలో దాని పని ఒక రకంగా సులువు. ప్రొపెల్లర్‌ను ఇంచుమించు ఒకే వేగంతో తిప్పాలి. చల్లబరచడానికి ఎదురుగాలి ఎటూ ఉంటుంది. కారు అలా కాదు, ఆగాలి, మళ్లీ కదలాలి. అందుకు క్లచ్, గేర్‌బాక్స్, గట్టి బ్రేకులు కావాలి. నిమిషానికి 1,700 చుట్ల దగ్గరే అంత బలం చూపే ఇంజను ముందు మామూలు గేర్ పళ్లు నిలవవు. అందుకే బాబ్స్‌కు పాత బెంజ్ రేసుకారు గేర్‌బాక్స్ పెట్టి, వెనక చక్రాలను గొలుసులతో తిప్పారు. 1927 మార్చి 3న అదే కారులో ప్యారీ థామస్ ప్రాణాలు పోయాయి. గొలుసు తెగిందని ఏళ్ల తరబడి అనుకున్నారు. తీరంలో పాతిపెట్టిన కారును 1969లో తవ్వి తీశాక, వెనక కుడిచక్రం విరిగి ఉండొచ్చన్న మాట వచ్చింది. రెండిట్లో ఏది నిజమైనా, వేలు చూపించేది ఇంజను వైపు కాదు, దాని బలాన్ని నేలకు చేర్చే భాగాల వైపు.

ఈరోజు రెండు లీటర్ల ఇంజనే 400 హార్స్‌పవర్ ఇస్తుంటే పెట్రోలు తాగే ఈ గుదిబండ ఎందుకని అడగొచ్చు. ప్రయాణానికైతే నిజంగానే అక్కర్లేదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు కాబట్టి నాంపల్లి రోడ్డెక్కే ఆశ వదులుకోవాల్సిందే. కానీ పనితనం నేర్పడంలో దీనికి సాటి లేదు. ఆ పనితనానికి ఇంజను పెద్దదే కానక్కర్లేదు: బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ బూటు, హ్యాండ్‌బ్యాగు ఆకారాల్లో చేసిన బండ్లు చిన్న ఇంజన్లతోనే నడుస్తాయి. అక్కడ చూడాల్సింది చేతిపనే. ఇంజనీరింగ్ విద్యార్థులు ముందు గేరు, బ్రేకు, చాసిస్ లెక్కలు తేల్చుకోవాలి, ఇంజను వేట ఆ తర్వాతే. అలా తయారైన బండిని జనవరిలో నాంపల్లి నుమాయిష్ ప్రదర్శనలో, లోపలి భాగాలు కనబడేలా నిలబెడితే ఊరంతా నేర్చుకుంటుంది.