మీకు తెలుసా? కందులు ఓడెక్కుతాయి, మందులు విమానమెక్కుతాయి!

సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్దకు కర్ణాటక సరిహద్దు పక్కనే. సముద్రం మాత్రం ఎటు పోయినా వందల కిలోమీటర్లు. అయినా ఇక్కడి చేలల్లో పండే కంది ధర ఓడల రాకపోకలతో ముడిపడి ఉంది. పరాయి దేశానికి సరుకు పంపడానికి ఓడా, విమానమా అన్నది దూరాన్ని బట్టి తేలదు. కిలో సరుకు ఎంత పలుకుతుంది, ఎన్నాళ్లు ఆగగలదు అన్న రెండు ప్రశ్నలతోనే ఎక్కువగా తేలుతుంది.

1. బరువు ఓడది, విలువ విమానానిది
ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన 80 శాతానికి పైగా సరుకు సముద్రం మీదే కదులుతుంది. విమానాలు మోసేది బరువులో ఒక శాతం కూడా ఉండదు, విలువలో మాత్రం దాదాపు మూడో వంతు. సరుకు మోసే బోయింగ్ 747-8 ఎత్తేది సుమారు 130 టన్నులు. 20 అడుగుల కంటైనర్లు ఐదారు బరువుగా నింపితే అంతే. ఇప్పటి అతిపెద్ద ఓడల్లో ఆ కొలత కంటైనర్లు 24 వేలు పడతాయి.

2. మన కందికి పోటీ ఓడలో వస్తుంది
దేశంలో పండేది చాలక మొజాంబిక్, టాంజానియా, మయన్మార్‌ల నుంచి కందులు తెప్పించుకుంటాం. మొజాంబిక్‌తో 2016లోనే ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. విమానంలో తెస్తే పప్పు ధర కన్నా కిరాయే ఎక్కువవుతుంది కాబట్టి అదంతా ఓడ సరుకే. ఆఫ్రికా పంట మన కోతల కంటే ముందే రేవులకు చేరుతుంది. ఆ నిల్వలు ఎంత మిగిలాయన్నది మన మార్కెట్లలో పలికే రేటులో తెలిసిపోతుంది.

3. ఖాళీకీ కిరాయే!
అమెరికాలోని పిల్లలకు సకినాలు పంపేవారికి ఇది అనుభవమే. డబ్బా కొలతలు 50, 40, 40 సెంటీమీటర్లు. కాటా మీద 9 కిలోలు తూగింది అనుకుందాం. కొరియర్ వాళ్లు మూడు కొలతలనూ గుణించి 5000తో భాగిస్తారు. 16 కిలోలొస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అదే డబ్బా నిండా పచ్చడి సీసాలు సర్దితే అసలు బరువుకే కడతారు. పెద్ద ఎత్తున పంపే ఎయిర్ కార్గోలో సాధారణంగా 6000తో భాగిస్తారు, అంటే ఘనమీటరుకు 167 కిలోలు. ఓడలో పంపే విడి సరుకుకైతే ఘనమీటరును 1000 కిలోలకు సమానంగా చూస్తారు.

4. చివరి అంకె కాపలా
నారాయణఖేడ్ వైపు 161వ జాతీయ రహదారి మీద కంటైనర్ లారీ కనబడితే వెనక తలుపు చూడండి. నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. మొదటి మూడు అక్షరాలు యజమాని గుర్తు. చివరి అంకె మిగతావాటిని లెక్కగట్టి రాసింది, నంబరు తప్పుగా నమోదైతే పట్టిస్తుంది. విమాన సరుకు రసీదులోనూ ఇంతే. ఏడంకెల సంఖ్యను 7తో భాగించగా మిగిలిన శేషమే ఎనిమిదో అంకె. 1234567కు శేషం 5 కాబట్టి రసీదు మీద 12345675 అని ఉంటుంది.

5. సనత్‌నగర్‌లోనే రేవు
హైదరాబాద్ సనత్‌నగర్‌లో కాంకర్ సంస్థ నడిపే కంటైనర్ డిపో ఉంది. కస్టమ్స్ తనిఖీ, సీలు అక్కడే పూర్తవుతాయి. ఆ తర్వాత కంటైనర్ రైలెక్కి నావా శేవా లాంటి రేవుకు పోతుంది.

6. శంషాబాద్‌లో 56.6 టన్నుల టీకాలు
2021 జూన్ 1 తెల్లవారుజామున రష్యా నుంచి ప్రత్యేక విమానంలో 30 లక్షల స్పుత్నిక్-వి డోసులు శంషాబాద్‌లో దిగాయి. వాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచాలి. ఇలాంటి సరుకు వారాల తరబడి ఆగలేదు. ప్రయాణికుల విమానాల అడుగుభాగంలోనూ సరుకు పోతుంది. కోవిడ్‌కు ముందు ప్రపంచ విమాన సరుకులో సుమారు సగం అలా వెళ్లిందే. ఆ విమానాలు నిలిచిపోగానే కిరాయిలు ఆకాశాన్నంటాయి.

7. మామిడి ఓడెక్కింది
అమెరికా వెళ్లే మన మామిడికి ముందు రేడియేషన్ శుద్ధి జరగాలి, ఆ తర్వాతే విమానం. 2022లో మాత్రం ఒక లోడు చల్లటి కంటైనర్‌లో 25 రోజులు సముద్రం మీద ప్రయాణించి అమెరికా చేరింది.

8. కాగితం చేతిలో ఉంటే సరుకు చేతిలో ఉన్నట్టే
ఓడ సరుకుకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ హక్కు పత్రం. 'టు ఆర్డర్' అని రాస్తే, సరుకు నడిసముద్రంలో ఉండగానే కాగితం చేతులు మార్చి అమ్ముకోవచ్చు. మన దేశంలో ఈ పత్రాలపై 1856 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. విమాన సరుకుకు ఇచ్చే ఎయిర్ వేబిల్ ఉత్త రసీదు. అందులో పేరున్నవారికి సరుకు ఇచ్చేస్తారు. కొనేవారు డబ్బు కట్టకముందే విమానంలో పంపితే పట్టు జారిపోయే ప్రమాదం ఉంది.

9. మోటుపల్లి అభయం
తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వం రాజులు లాక్కునేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఆ ఆనవాయితీని రద్దు చేసింది. సుంకం 30వ వంతే అని వర్తకులకు మాటిచ్చింది. ఇప్పటికీ ఓడ ఆపదలో పడితే సరుకుదారులంతా నష్టాన్ని పంచుకునే 'జనరల్ యావరేజ్' పద్ధతి ఉంది. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ ఆరు రోజులు ఇరుక్కుని బయటపడ్డాక దీన్నే ప్రకటించారు. విమాన సరుకుకు ఈ బెడద లేదు.

10. మూడో దారి
2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి 384 టన్నుల ఎండుమిర్చి పార్శిల్ రైల్లో బంగ్లాదేశ్‌లోని బేనాపోల్ చేరింది. ఇక ఐరోపాకైతే సగం ఓడ, సగం విమానం పద్ధతీ ఉంది. దుబాయ్ జెబెల్ అలీ రేవు దాకా సముద్రం మీద, అక్కణ్నుంచి గాల్లో. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికాను చుట్టి పోవడంతో పది రోజుల నుంచి రెండు వారాల దాకా ఆలస్యం పెరిగింది, ఈ పద్ధతికి గిరాకీ వచ్చింది. పూర్తిగా విమానంలో పంపడం కన్నా ఇది చవక, పూర్తిగా ఓడలో కన్నా వేగం. అందుకే ఐరోపాకు సరుకు పంపేవారు రవాణా ఏర్పాట్లు చూసే ఫార్వర్డర్‌ను రెండు రేట్లు కాదు, మూడు అడగాలి.